కిటికీలోంచి రాగి గొట్టం

పదీ ఏడుకి మీట నొక్కాను. ఇక యాభై రెండు నిమిషాలపాటు నేను చెయ్యగలిగిందేమీ లేదు, ఈ ఎత్తు స్టూలు మీద కూర్చుని తెర మీద ఆకుపచ్చ గీత కుడివైపుకి పాకుతూంటే చూడ్డం తప్ప. రియాక్టర్ నుంచి తీసిన గ్యాసు ఎంతని, చెంచాడు కూడా ఉండదు, దాన్ని యంత్రం వెంట్రుకంత సన్నటి పొడవాటి గొట్టంలోకి తోసింది, అందులో తేలికవన్నీ ముందు పరిగెత్తుకొస్తాయి, బరువైనవి గోడలకి అంటుకుంటూ వదులుకుంటూ నెమ్మదిగా వస్తాయి, ఒక్కోటి బయటపడ్డప్పుడల్లా గీత శిఖరంలా లేచి పడుతుంది. తేలికవి నాకక్కర్లేదు. నాకు కావలసిన పొడుగు గొలుసులు, లారీల్లోనూ విమానాల్లోనూ పోసే నూనెలాంటివి, ముప్పయ్యో నిమిషం దాటాక వస్తాయి. వస్తే. రాకపోతే పందొమ్మిది రోజులుగా ఆగకుండా పనిచేస్తున్న నా ఉత్ప్రేరకం నిన్న మధ్యాహ్నం చచ్చిపోయిందని అర్థం, వచ్చే సోమవారం నుంచి ఈ బల్ల వేరే బృందం వాళ్ళది, నా మూడేళ్ళూ ఒక అట్టపెట్టెలో సర్దుకుని, అప్పుడే అంతదూరం పోకు తులిసిలే, ఇంకా రెండో నిమిషమే. కప్పు మీద హాడేడా పక్షులు ఎవరో తన్నినట్టు అరుస్తున్నాయి. జొహానెస్‌బర్గ్‌లో వీటికి ఆనందమైనా ఏడుపైనా అదే గొంతు. పంపు టిక్కుటిక్కుమంటోంది. నిన్న ఆ టిక్కు ఆగినప్పుడు నా గుండె కూడా ఆగింది కాబట్టి ఇవాళ ఆ శబ్దం ఎంత బాగుందో ఎవరికి చెప్పను.

ఉత్ప్రేరకం అంటే పెద్ద మాటలా ఉంటుంది గాని చూడ్డానికది నల్లటి పొడి, అయిదు గ్రాములు, నా గుప్పిట్లో సగానికి కూడా రాదు. పొగగొట్టాల్లోంచి ఆకాశంలోకి పోయే బొగ్గుపులుసు వాయువుని పట్టి, హైడ్రోజన్‌తో కలిపి దీని మీదుగా పంపిస్తే, వేడిలో ఆ రెండూ విడిపోయి, మళ్ళీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులవుతాయి, నూనె అవుతాయి. ఇనుముకి ఆ గుణముంది. ప్రపంచంలో అందరూ శుభ్రమైన ఇనుప లవణం సీసాల్లో కొనుక్కుని చేస్తారు. నేను చేసింది బురదతో. ఎమలహ్లేనిలో మా పేట వెనక పారే వాగులోని బురదతో, మూసేసిన బొగ్గు గనుల్లోంచి ఊరి ఊరి బయటికొచ్చే నీళ్ళు గాలి తగలగానే నారింజరంగుకి తిరిగి అడుగున పేరుకునే తుప్పు బురదతో. ఆ వాగులో చేపలు లేవు, కప్పలు లేవు, గట్టున గడ్డి లేదు. మేం పిల్లలం మాత్రం ఉన్నాం. బడి నుంచి వస్తూ అందులో దిగేవాళ్ళం, తెల్ల చొక్కాలు నారింజరంగు అంచులతో ఇంటికెళ్ళేవాళ్ళం, మా అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి చొక్కా ఊడదీసి, నిమ్మకాయ సగానికి కోసి, ఉప్పు అద్ది ఆ మరక మీద రుద్దేది. రుద్దుతూంటే మరక పల్చబడి పసుపై, పసుపు కూడా పోయి, చొక్కా మళ్ళీ తెల్లగా. ఎక్కడికి పోయిందమ్మా అని అడిగాను, ఏడేళ్ళుంటాయేమో. "నిమ్మకాయ తినేసింది. నువ్వూ నోరు మూసుకుని అన్నం తిను" అంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ గదిలోనే, ఆ బురదలోంచి ఇనుముని మాత్రం ఎలా విడదీయాలో తెలీక నెలల తరబడి ఘాటు ఆమ్లాలన్నీ పోసి పాడుచేసుకుంటున్నప్పుడు, ఒకరోజు బస్‌స్టాప్‌లో ఎవరో నారింజపండు ఒలుస్తూంటే ఆ వాసనకి గుర్తొచ్చింది, అరే, నిమ్మకాయ తినేస్తుంది కదా. నిమ్మ ఉప్పు కొనుక్కొచ్చి వేడినీళ్ళలో కలిపి బురద వేశాను. ఇనుము చక్కగా కరిగి వచ్చేసింది, ఇసుకా మట్టీ అడుగున కూర్చున్నాయి. నా థీసిస్ మూడో అధ్యాయంలో దీనికి పదహారు పేజీల వివరణ ఉంది. మా అమ్మ ఉప్పు అద్దిందని మాత్రం రాయలేదు.

నాలుగో నిమిషం. మీథేన్ లేచింది. లేస్తుంది, ఎప్పుడైనా లేస్తుంది, ఉత్ప్రేరకం చచ్చినా లేస్తుంది, ఇది చూసి సంతోషపడకూడదు, మరీ ఎత్తుగా లేస్తే ఏడవాలి. మొన్నటి కాగితం పక్కనే పెట్టుకున్నాను, కరెంటు పోకముందు తీసిన ఆఖరిది. దాంతో పోలిస్తే కొంచెం ఎత్తు. కొంచెమే. స్కేలు పెట్టి కొలవాలా. వద్దు.

బురద కావాలని ఫోన్ చేసిన రోజు అమ్మ అంది, "ఆ బురద నీ బట్టల్లోంచి వదిలించడానికి నా వేళ్ళు అరిగిపోయాయి. దాన్ని దాటి పోవాలనే కదే నిన్ను చదివించింది. ఇప్పుడు బకెట్టు నిండా తెచ్చిమ్మంటావా? అక్కడ మీకు బురద లేదా?" లేదమ్మా, అంత మంచిది లేదు అన్నాను. మంచి బురద అన్న మాటకి నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. మరుసటి శనివారం తెచ్చింది, రంగు డబ్బా కడిగి, వాగులో దిగి, తన చేత్తో నింపి, మూత మీద ప్లాస్టిక్ సంచి కట్టి, పదిహేను మంది ఇరుక్కునే టాక్సీలో ఒళ్ళో పెట్టుకుని. వెనక సీటాయన ఏంటమ్మా ఆ వాసన అని అడిగాట్ట. "నా కూతురి చదువు" అందిట. "అయితే మూత గట్టిగా నొక్కు తల్లీ, మాకు ఇప్పటికే ఉన్న చదువు చాలు" అన్నాట్ట ఆయన, టాక్సీ అంతా నవ్వులు, డ్రైవరు మలుపు తిప్పిన ప్రతిసారీ చదువు జాగ్రత్త, చదువు జాగ్రత్త అని అరుపులు. ఇక్కడ గేటు దగ్గర దిగేసరికి అమ్మ గౌను ముందంతా నారింజరంగు. నేను నిమ్మకాయ తెస్తానన్నాను. ఉండనీ, అంది, ఇవాళ ఉండనీ.

ఆ బకెట్టు చూసి ప్రొఫెసర్ ఇసాక్స్ మొహం పెట్టలేదు, అది కూడా నా అదృష్టమే. ఇంకెవరైనా అయితే బయట పెట్టించేవాళ్ళు. ఆవిడ వేలితో కొంచెం తీసి వెలుతురులో తిప్పి చూసి, "మూడు నెలలిస్తాను. పని చెయ్యకపోతే బుద్ధిగా సీసాలో ఇనుము వాడు, నా ముందు ఏడవకు" అంది. మూడు నెలలు అయిపోయాక ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పనిచేసింది ఎనిమిదో నెలలో.

పదకొండో నిమిషం, చిన్నచిన్నవి వస్తున్నాయి, రెండు కర్బనాలవి, మూడువి, నాలుగువి, మొన్నటిలాగే ఉన్నాయి, నా మెడ ఎందుకింత బిగుసుకుంది, నిన్న పానా తిప్పినప్పుడు పట్టేసినట్టుంది. పానా పట్టుకోవడం నేర్పింది బాబా మ్సీజా. ఎల్ఫాస్ మ్సీజా అని ఆయన పూర్తి పేరు, మా ల్యాబుకి టెక్నీషియన్, మాకందరికీ తండ్రి వయసు కాబట్టి బాబా. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుని నూనెగా మార్చే ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు, ఇంట్లో కూర్చోలేక ఇక్కడికొచ్చాడు. నేను వచ్చిన మొదటి వారం ఒక గొట్టం జాయింటుని నా బలమంతా పెట్టి బిగిస్తూంటే వెనకనుంచి చూసి, "అమ్మాయ్, దాని పీక నొక్కకు. అది నీ అత్తగారు కాదు" అన్నాడు. ఒకటింబావు చుట్టు, అంతే, ఆపైన తిప్పితే రాగి నలిగిపోతుంది, లీకు ఎప్పటికీ ఆగదు. ఆపాల్సిన చోటు చేతికి తెలుస్తుంది, చేతిని వినమన్నాడు. ఆయన గొట్టం మీద అరచెయ్యి ఆనించి లోపల గ్యాసు ఎంత పోతోందో చెప్పేవాడు, మీటరు చూస్తే సరిగ్గా అంతే ఉండేది, నాకు మొదట్లో మంత్రంలా అనిపించేది. ఎలా బాబా అంటే చెప్పాడు ఒకసారి, టీ తాగుతూ, పెద్ద సంగతేమీ కానట్టు. తెల్లవాళ్ళ పాలన పోయిన తొంభై నాలుగు దాకా కంట్రోల్ రూములో నల్లవాళ్ళకి కుర్చీ లేదు. మీటర్లన్నీ లోపల. ఆయన బయట, ఎండలో వానలో, వాల్వుల దగ్గర. లోపలివాళ్ళు ఫోనులో చెప్పేదాకా ఆగితే ఆలస్యమయ్యేది, అందుకని చెయ్యి పెట్టి తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాడు. తర్వాత కుర్చీ ఇచ్చారు, కూర్చున్నాడు, కాని మీటరు చెప్పింది నిజమో కాదో చూసి రావడానికి మధ్యమధ్య బయటికి లేచి వెళ్ళేవాడట. ఆయన అలా నేర్చుకోవాల్సి రావడం తల్చుకుంటే కోపమొస్తుంది. అది నా చేతికి వచ్చి చేరడం తల్చుకుంటే ఏమనాలో తెలీదు. రెండూ ఒకేసారి వస్తాయి, ఒకటి ఉంచుకుని ఒకటి పారెయ్యడం కుదరదు.

నిన్న రెండూ పదికి కరెంటు పోయింది. ఆ గంటకి మా వంతు కాదు, కోత పట్టికలో లేదు, అయినా పోయింది. అన్ని శబ్దాలూ ఒక్కసారి ఆగిపోయిన గది ఎంత పెద్దదిగా ఉంటుందో. కింద జనరేటరు ఒకసారి దగ్గి ఊరుకుంది. రియాక్టర్ మాత్రం తనకి నేర్పినట్టే చేసింది, హైడ్రోజన్ వాల్వు టక్కున మూసుకుంది, బొగ్గుపులుసు వాయువుది మూసుకుంది, బయటికి పోయే దారి తెరుచుకుని బుస్సుమంది, నైట్రోజన్ లోపలికి రావడం మొదలైంది. నైట్రోజన్ ఎవరి జోలికీ పోని గ్యాసు. మూడు గంటలు అది మెల్లగా పారుతూ ఉంటే చాలు, ఉత్ప్రేరకం క్షేమంగా చల్లబడుతుంది. అది ఆగి గాలి లోపలికి చొరబడిందా, ఆ వేడిలో నా నల్లపొడి తుప్పుగా మారుతుంది, వాగులోంచి తెచ్చిన బురద మళ్ళీ బురదైపోతుంది. నేను నైట్రోజన్ సిలిండర్ గేజి వైపు చూశాను. ముల్లు అడుగున ఉంది. సోమవారం మారుద్దామనుకున్నాను. సోమవారం ఏదో కాగితం పనిలో పడి రేపు అనుకున్నాను. మహా అయితే పావుగంట వస్తుంది. కొత్త సిలిండర్లన్నీ కింద పెరట్లో, ఒక్కోటి నా ఎత్తు, నాకన్నా బరువు. మేం రెండో అంతస్తులో. కరెంటు లేక లిఫ్టూ లేదు.

కిటికీలోంచి తల బయటపెట్టాను. బాబా మ్సీజా పెరట్లో స్టూలు మీద మోకాలు చాపుకుని టీ తాగుతున్నాడు.

"బాబా! నైట్రోజన్ అయిపోతోంది!"

"ఎంతుంది?"

"పదికి కిందే!"

ఎందుకు మార్చలేదని అడగలేదు. కప్పు కింద పెట్టాడు. సిలిండర్ల పంజరం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, కళ్ళు చికిలించి కిటికీ వైపు చూశాడు, నన్ను కాదు, దూరాన్ని. "మూల బీరువాలో రాగి గొట్టం చుట్ట ఉంది, కొత్తది. దాని కొస కిందికి వదులు."

"ఇంత దూరం గొట్టమా?"

"నైట్రోజన్‌కి మెట్లెక్కడం నీకన్నా బాగా వచ్చు. వదులమ్మా."

చుట్ట విప్పుతూ విప్పుతూ వదిలాను, గాలికి అది అటూ ఇటూ ఊగి గోడకి కొట్టుకుంటోంది, బాబా ఆ నొప్పి మోకాలితో ఎగిరి అందుకోలేడు, అప్పుడు కింది వరండా తుడుస్తున్న సిసీ పులేంగ్, మాకందరికీ అక్క, మాపు కర్రతో సహా వచ్చి, కర్రతో దాన్ని దగ్గరికి లాక్కుని పట్టుకుంది. "ఏంటిది, పామును దింపుతున్నారా పైనుంచి?" "వంచకు పులేంగ్, వంచితే దాని గొంతు పూడిపోతుంది." "ఇద్దరు పిల్లల్ని పెంచాను, గొట్టం పట్టుకోవడం నువ్వు నేర్పాలా నాకు!" ఆయన రెగ్యులేటర్ బిగిస్తున్నాడు, గాలి విసురుకి గొట్టం గుంజుతోంది, జాయింటు కదిలితే లీకు, ఏదైనా గుడ్డతో గోడ పక్క వాననీటి గొట్టానికి కట్టెయ్యాలన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తలగుడ్డ విప్పి ఇచ్చింది. ఈ భవనంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, ఆవిడ వట్టి తల ఇక్కడెవరూ చూసి ఉండరు. పైనుంచి నాకు కనపడింది, పొట్టిగా కత్తిరించిన జుట్టు, నడినెత్తిన తెల్లగా. ఆవిడ పైకి చూసి, "ఏంటా చూపు? నీ పని చూసుకో!" అని అరిచింది.

"అమ్మాయ్, విను," బాబా గొంతు. "గొట్టం నిండా గాలి ఉంది. ముందు అది పోవాలి. నేను నైట్రోజన్ వదుల్తాను, నీ కొస విప్పే పెట్టు. వంద లెక్కపెట్టు. అప్పుడు బిగించు. ముందు కాదు."

"బాబా, ముల్లు పడిపోతోంది!"

"వంద. గట్టిగా. నేను వింటూంటాను."

లెక్కపెట్టాను. గొట్టం కొస నా వేళ్ళ మధ్య ఈల వేస్తోంది. ముప్పై. ముల్లు కదుల్తోంది. నలభై దగ్గర ఇక చాలు, పెట్టేద్దాం అనిపించింది, గొంతు తగ్గిపోయింది, కిందినుంచి అరుపు, "వినపడ్డంలేదు!" నలభై ఒకటి. సిసీ పులేంగ్ కూడా నాతోపాటు లెక్కపెట్టడం మొదలెట్టింది, గొట్టాన్ని గుండెకి ఆనించుకుని, సొతోలో, నేను జులూలో, రెండు భాషల అంకెలు గోడ వెంబడి ఎక్కుతూ దిగుతూ. డెబ్భై దగ్గర ముల్లు సున్నా మీద పడుకుంది. డెబ్భై ఒకటి. బిగించెయ్యాలి, ఇప్పుడే బిగించెయ్యాలి, వద్దు, గాలి, ఎనభై, నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తొంభై, ఆవిడ గొంతు నా గొంతుకన్నా ముందుంది, వంద. పాతది విప్పాను, కొత్తది పెట్టాను, ఒకటింబావు చుట్టు, చేతిని విను. అరచెయ్యి గొట్టం మీద ఆనించాను. సన్నగా, చీమ పాకినట్టు, పోతోంది లోపలికి. "వస్తోంది బాబా!" అన్నాను. "నాకు తెలుసు" అన్నాడు, ఆయన అరచెయ్యి కింది కొస మీద ఉంది.

ముల్లు సున్నా మీద పడ్డాక కొత్తది అందేదాకా మొత్తం నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో గాలి లోపలికి వెళ్ళిందా లేదా అన్నదే ఇప్పుడు ఈ ఆకుపచ్చ గీత చెప్పాల్సింది. కరెంటు పావుతక్కువ ఐదుకి వచ్చింది. ఆ రెండున్నర గంటలూ ఆవిడ గొట్టం దగ్గర్నించి కదల్లేదు, ఆయన సిలిండర్ దగ్గర్నించి కదల్లేదు. రాత్రి హైడ్రోజన్‌లో మెల్లగా వేడెక్కనిచ్చి పొద్దున ఏడింటికి మళ్ళీ మొదలుపెట్టాను.

ఇరవై నాలుగు. గీత చదునుగా ఉంది. ఇక్కడ చదునుగానే ఉండాలి. ఉండాలా? మొన్నటి కాగితంలో కూడా ఉంది, సరే. నిన్న సాయంత్రం బాబా సంచి సర్దుకుంటూంటే వెళ్ళి చెప్పాను, సిలిండర్ సోమవారమే మార్చాల్సింది, నేనే, అని మొదలుపెట్టేలోపే చెయ్యెత్తి ఆపేశాడు. "తెలుసు. సోమవారం ఆ గేజి నేనూ చూశాను. నేనూ మార్చలేదు. ఇద్దరం చూశాం, ఇద్దరం వదిలేశాం. మళ్ళీ ఆ మాట ఎత్తకు." ఎత్తలేదు. ఎంత తేలికపడ్డానో, భుజం మీద బరువు సగం దిగిపోయినట్టు, ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టింది కూడా. సోమవారం. ఆగు. సోమవారం బాబా ఇక్కడెక్కడున్నాడు? సోమవారం మోకాలికి ఆస్పత్రి. నెలకో సోమవారం పొద్దున్నే వెళ్ళి వరసలో కూర్చుంటాడు, సాయంత్రమైపోతుంది, మంగళవారం వచ్చి ఆ బెంచీల గురించి తిట్టాడు, డాక్టరు తనకన్నా కుంటుతున్నాడని చెప్పి అందర్నీ నవ్వించాడు. ఆయన గేజి చూడలేదు. చూసే అవకాశమే లేదు. నా పక్కన నిలబడడానికి ఒక అబద్ధం చెప్పి, సంచి భుజానికి తగిలించుకుని, కుంటుకుంటూ టాక్సీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. ఎవరికి ఏం చేసి ఇంతమంది నా వెనక ఇలా నిలబడ్డారని, నేనేదో తెలివైనదాన్నని, ఊళ్ళో మా వాగు దాటి వచ్చిన మొదటిదాన్నని అనుకుంటూంటాను, ఎక్కడ, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని ఒకరు, మూడు నెలల్ని ఎనిమిది చేసి ఒకరు, తలగుడ్డ విప్పి ఒకరు, నా తప్పులో సగం తనమీద వేసుకుని ఒకరు. ఇప్పుడు ఈ గీత లేవకపోయినా సరే, లేవకపోతే ఏడుస్తాను గాని, లేవకపోయినా ఇది మాత్రం జరిగింది, ఇది ఎక్కడికీ పోదు. ఇది నిజంగానే అనుకుంటున్నానా, లేక ముందే ఓదార్చుకుంటున్నానా. ముప్పై. ముప్పై ఒకటి. పంపు టిక్కు. టిక్కు. నా వేళ్ళు మొన్నటి కాగితం అంచుని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మడతపెడుతున్నాయి.

గీత కదిలింది. ఊరికే వణుకేమో. కాదు. లేస్తోంది, నెమ్మదిగా, చలికాలం పొద్దున దుప్పటి కింద మనిషి లేచినట్టు, ఎనిమిది కర్బనాలది, లేచి పడింది. ముప్పై నాలుగున్నరకి తొమ్మిది. తెర దగ్గరికి ఎంతగా వంగానో నా ఊపిరికి అద్దం మసకేసింది, చేత్తో తుడిచాను. పది. పదకొండు లేచినప్పుడు పెద్దగా ఏదో అన్నట్టున్నాను, పక్కగది వాళ్ళెవరో తొంగిచూశారు. పన్నెండు, పదమూడు, ఒకదాని వెనక ఒకటి, ప్రతిదీ వెనకటిదానికన్నా కొంచెం పొట్టి, మొన్నటి కాగితాన్ని తెర మీద ఆనించి పట్టుకుంటే శిఖరం మీద శిఖరం కూర్చుంటోంది, అన్నీ కాదు, కొన్ని వెంట్రుకంత తక్కువ. యాభై రెండో నిమిషంలో లెక్క వచ్చింది. మొన్న లోపలికి పంపిన బొగ్గుపులుసు వాయువులో వందకి ముప్పై ఏడు పాళ్ళు మారాయి. ఇప్పుడు ముప్పై అయిదు. రెండు పోయాయి. ఆ రెండూ నా సోమవారానివి, వాటిని అలాగే రాస్తాను, ఏదీ దాచను. మిగతా ముప్పై అయిదూ బతికున్నాయి.

గుమ్మంలో ప్రొఫెసర్ ఇసాక్స్. ఎప్పుడొచ్చిందో. "ఉందా?" అంది. తల ఊపాను. ఆవిడ వచ్చి కాగితం చూసింది, కళ్ళజోడు ఎత్తి మళ్ళీ చూసింది, నా తల మీద చెయ్యి వేసి ఒకసారి ఊపింది, కుండ గట్టిదో కాదో చూసినట్టు. "కింద వాళ్ళకి చెప్పావా?"

చెప్పడం కాదు, చూపించాలనిపించింది. రియాక్టర్ కింద చల్లటి గిన్నెలో పొద్దుట్నించీ చేరింది ఒక చిన్న సీసాలోకి వంపాను. అడుగున నీళ్ళు, నీళ్ళ మీద నూనె, వేలెడు మందం కూడా లేదు, నీళ్ళకన్నా తేటగా. లిఫ్టు పనిచేస్తోంది గాని ఆగలేకపోయాను, మెట్లమీదుగానే దిగాను. బాబా మ్సీజా, సిసీ పులేంగ్ పెరటి గోడ దగ్గర కూర్చుని కాగితంలో వేడి మగ్విన్యాలు, నూనెలో వేయించిన పిండి ఉండలు, తింటున్నారు, నన్ను చూసి ఇద్దరూ నమలడం ఆపేశారు. బతికింది అన్నాను. "చూశావా, వంద దాకా లెక్కపెట్టాం కాబట్టి" అంది సిసీ పులేంగ్, పక్కకి తిరిగి ఆయనతో, ఆ ఉపాయం తనదే అన్నట్టు. ఆయన నూనె వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని సీసా అందుకున్నాడు, వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ వంచాడు.

"ఇదేనా?" అందావిడ. "ఇంత పరుగూ ఇంత కాస్త కోసమా? మా ఇంట్లో దీపానికి కూడా చాలదు."

"వెలుగుతుందా అసలు?" అన్నాడు బాబా.

సిలిండర్లకి దూరంగా, కార్లు పెట్టే చోటు దాటి, రాతి మెట్టు దగ్గరికి మమ్మల్నిద్దర్నీ నడిపించుకెళ్ళింది ఆయనే. తెల్ల పింగాణీ మూతలో దూది పింజె పెట్టి గాజు గొట్టంతో పైనున్న నూనె నాలుగు చుక్కలు వేశాను. అగ్గిపుల్ల ఆయనే గీశాడు. పట్టపగలు, ఎండలో మంట కనపడీ కనపడకుండా ఉంది, లేతపసుపుగా, చిన్నగా, చప్పుడు లేకుండా. సిసీ పులేంగ్ వంగి ఇంకో తెల్ల మూత తీసుకుని మంట మీద కాసేపు పట్టుకుంది, కిరసనాయిలు స్టవ్వు కొనేటప్పుడు కొట్లో అలాగే చూస్తారు. తిప్పి చూసింది. మధ్యలో పొగచూరిన బూడిదరంగు నీడ, దీపం మసిలా నల్లగా కాదు, వేలితో రాస్తే ఊడొచ్చింది. ఆ వేలు నాకు చూపించింది, ఆయనకి చూపించింది. "ఇది మంచి నూనె" అంది, ఇప్పుడు వేళాకోళం లేకుండా. అప్పుడు వాళ్ళిద్దరికీ చెప్పాలనుకున్నాను, మెట్లు దిగుతూ మనసులో సర్దుకున్న మాటలన్నీ, సోమవారం సంగతి నాకు తెలిసిపోయిందని కూడా. ఎండ, మగ్విన్యా వాసన, ఆ మంట మీద వంగిన మూడు తలలు.

మంట ఆరిపోయింది. బాబా మ్సీజా మోకాలు పట్టుకుని ఆ రాతి మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. దూది పింజెనే చూశాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను ఇది," అన్నాడు. "లక్షల పీపాలు. అన్నీ గొట్టాల్లో పుట్టి గొట్టాల్లోనే పోయాయి. ఒక్కసారి కూడా నేను చేసింది నా కళ్ళతో చూళ్ళేదు."

ఆయన మూతని నావైపు జరిపాడు.

"ఇంకో చుక్క వెయ్యమ్మా."

సీసాలో మిగిలింది తూకం వేసి పుస్తకంలో ఎక్కించాల్సిన నూనె. వేశాను.